ఎన్నాళ్లీ కుట్టుమిషన్లు?

పదకొండేళ్ల కిందట మా సంస్థ ఆఫీసుకు ఒక అమ్మాయి వచ్చింది. పదో తరగతి ఫస్టు క్లాసులో పాసైంది. ప్రభుత్వ ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్ ట్రేడులో సీటొచ్చిందనీ, ఇంట్లో వద్దంటున్నారనీ, మేమొకసారి వచ్చి వాళ్లమ్మతో మాట్లాడాలనీ అడిగింది. "అక్కా, మీరు చెప్తే మా అమ్మ ఇంటది" అంది.

వెళ్లాం. వాళ్లమ్మ ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుడుతోంది. తల ఎత్తకుండానే, "ఆడిపిల్ల కరెంటు స్తంభాలెక్కుతదా? రేపు దాన్నెవడు చేసుకుంటడు? మీ దగ్గర కుట్టుపని నేర్పుతరట గదా, అదే నేర్పరాదుండ్రి" అంది.

నేను వాదించలేదు. "సరేలే అమ్మా, ముందు టైలరింగు నేర్చుకోనీ, తర్వాత చూద్దాం" అన్నాను. ఆ 'తర్వాత' ఎప్పుడూ రాలేదు. వారం తిరక్కుండా సీటు గడువు దాటిపోయింది. ఒక్క నిజం దాచకుండా చెప్పాలి. ఆ నెల మా టైలరింగు బ్యాచికి ముప్ఫై మంది కావాలి, ఇద్దరు తక్కువయ్యారు.

రెండేళ్ల తర్వాత అదే ఐ.టి.ఐ.లో అదే ట్రేడులో ఆ అమ్మాయి తమ్ముడు చేరాడు. వాళ్లమ్మకు ఎవరూ నచ్చజెప్పాల్సిన అవసరం రాలేదు. ఇవాళ అతను జూనియర్ లైన్‌మన్. అక్క ఒక బట్టల షాపుకు ఇంటి దగ్గరే చీరలకు ఫాల్స్ కుడుతుంది, జాకెట్లకు హుక్కులు కుడుతుంది. పండుగలప్పుడు రాత్రి రెండింటిదాకా కుడుతుంది. ఆషాఢంలో చేతిలో పని ఉండదు. తమ్ముడికి పి.ఎఫ్. ఉంది, సెలవు ఉంది, కిందపడితే ఆస్పత్రి ఖర్చు ఉంది. ఈమెకు మెడనొప్పి ఉంది. ఇద్దరిలో లెక్కల్లో మంచి మార్కులొచ్చింది ఈమెకే.

ఈ కథలో దుర్మార్గులెవరూ లేరు. కొట్టిన మొగుడు లేడు, కట్నమడిగిన అత్త లేదు. అందుకే మన పత్రికల్లో ఇలాంటివి కేసులుగా రావు. కానీ ముప్ఫై ఏళ్ల పాటు నెలనెలా ఒక మనిషికి రావలసిన జీతం రాకుండా పోవడం చిన్న హింసా? 2023లో దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ జూనియర్ లైన్‌మన్ ఖాళీలకు ఇచ్చిన ప్రకటనలో మూలవేతనం 24,340 రూపాయలతో మొదలవుతుంది. పైన కరువు భత్యం, ఇంటద్దె భత్యం. చదువు పదో తరగతి, ఐ.టి.ఐ. పట్నాల్లో డిగ్రీలు చదివి ప్రైవేటు స్కూళ్లలో టీచర్లుగా, షాపుల్లో సేల్సుగర్ల్స్‌గా రోజంతా నిలబడి పనిచేసే మన ఆడపిల్లల్లో ఎంతమందికి అందులో సగం చేతికొస్తోందో మీకు తెలియనిది కాదు.

"స్తంభాలెక్కుతదా?" అన్న ప్రశ్న దగ్గరికి వస్తాను. ఎక్కలేదనే మాట ఎవరన్నా అంటే నాకు కోపం కన్నా ముందు నవ్వొస్తుంది. మీ ఊళ్లో ఏదైనా మూడంతస్తుల బిల్డింగు కడుతుంటే వెళ్లి ఒక గంట నిలబడి చూడండి. పిట్టగోడ లేని మెట్ల మీదుగా, సర్వీ కట్టెలకు కట్టిన పలకల మీదుగా, నెత్తిన ఇటుకలూ సిమెంటు మాలు తట్టలూ పెట్టుకుని రోజుకెన్నిసార్లు ఎక్కి దిగుతున్నదెవరు? పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి వలసొచ్చిన ఆడకూలీలు. వాళ్లకు నడుముకు బెల్టు లేదు, తలకు హెల్మెట్ లేదు, కాళ్లకు బూట్లు లేవు. కొంతమంది కడుపుతో ఉండి కూడా ఎక్కుతారు. అప్పుడు ఎవరికీ ఆడవాళ్ల శరీరం సున్నితం అని గుర్తుకు రాదు. బెల్టు కట్టుకుని, చేతి తొడుగులు వేసుకుని, జీతం తీసుకుని ఎక్కే స్తంభం దగ్గరే ఆ సున్నితత్వం జ్ఞాపకం వస్తుంది!

అదే బిల్డింగు దగ్గర ఇంకాసేపు నిలబడండి. తాపీ ఎవరి చేతిలో ఉంది? రసమట్టం ఎవరు పట్టుకుంటున్నారు? తూకం గుండు ఎవరు వేలాడదీస్తున్నారు? మేస్త్రీ. పదహారేళ్ల కుర్రాడు సహాయకుడిగా వచ్చి మూడేళ్లలో మేస్త్రీ అవుతాడు. పదహారేళ్లకు తట్ట ఎత్తిన ఆడమనిషి యాభై ఏళ్లకూ తట్టే ఎత్తుతుంది. గోడ ఎలా లేస్తుందో ఆమెకు తెలియదా? మాలు పలచనైందో గట్టిబడిందో మేస్త్రీ కన్నా ముందు ఆమే చెబుతుంది. అయినా కనీస వేతనాల పట్టికలో మేస్త్రీ నిపుణుడు, ఆమె నైపుణ్యం లేని కూలీ. ముప్ఫై ఏళ్ల అనుభవం ఉన్న 'నైపుణ్యం లేని' మనిషి!

ఇది కొత్తగా సిమెంటుతో వచ్చింది కాదు. మన ఊళ్లలో పనిముట్టు చుట్టూ ఎప్పుడూ ఒక గీత ఉంది. నాట్లు ఆడవాళ్లవి, కలుపు ఆడవాళ్లది. నాగలి మాత్రం ఆడది పట్టకూడదు, పడితే వానలు పడవట. కుమ్మరింట్లో మట్టి తొక్కి పిసికేది ఆడవాళ్లు, సారె తిప్పేది మగవాడు. నేతగాళ్ల ఇళ్లలో చాలాచోట్ల రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది, అచ్చు అతికేది ఆడవాళ్లు. వాళ్ల చెయ్యి పడకపోతే మగ్గం మీద ఒక్క గజం దిగదు. కానీ మాస్టర్ వీవర్ లెక్కల పుస్తకంలో పేరు మగవాడిది, కూలి మగవాడి చేతికి. ఏ పనికి పనిముట్టూ పేరూ ధరా ఉన్నాయో ఆ పని మగవాడిదైంది. ఏ పని లేకపోతే ఆ పని నడవదో, కానీ దానికంటూ ధర లేదో, అది ఆడదానిదైంది.

పని ఆడదైనంత మాత్రాన గీత చెరిగిపోదు. ఇంట్లో వంట ఆడది, పెళ్లిలో వంట మాస్టరు మగవాడు. ఇంట్లో కుట్టు ఆడది, బజార్లో కటింగ్ మాస్టరు మగవాడు. కత్తెర అతని దగ్గర ఉంటుంది. కాజాలు, హుక్కులు, ఎంబ్రాయిడరీ మన దగ్గరికి వస్తాయి. పెద్ద గార్మెంట్ ఫ్యాక్టరీల్లో వందలమంది ఆడపిల్లలు వరసగా మిషన్ల మీద కుడుతుంటారు. మిషను ఆగిపోతే అమ్మాయి చెయ్యెత్తి కూర్చోవాలి. స్క్రూడ్రైవర్ పట్టుకుని మెకానిక్ వస్తాడు. రోజంతా ఆ మిషనుతో కాపురం చేసేది ఆమె, దాని కడుపులో ఏముందో తెలుసుకునే హక్కు అతనిది. జీతంలో తేడా ఆ స్క్రూడ్రైవర్ దగ్గర ఉంది.

ఇంతకన్నా విచిత్రం సినిమా పరిశ్రమలో జరిగింది. మేకప్ వెయ్యడం కన్నా ఆడవాళ్ల పని ఇంకేముంటుంది అనుకుంటాం కదా! ముంబైలోని మేకప్ కళాకారుల సంఘం ఆడవాళ్లకు మేకప్ ఆర్టిస్టు కార్డు ఇచ్చేది కాదు. జుట్టు దువ్వే పనికి మాత్రమే కార్డు ఇచ్చేది. ఎందుకంటే మేకప్ వేస్తే డబ్బొస్తుంది, సంఘం రేటు వర్తిస్తుంది. చారు ఖురానా అనే మేకప్ కళాకారిణి మరికొందరితో కలిసి సుప్రీంకోర్టుదాకా వెళ్లాల్సి వచ్చింది. 2014 నవంబరులో కోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. ఇది ఆడపని, అది మగపని అన్నది శరీరాన్ని బట్టి కాదు, కూలిని బట్టి తేలుతోందనడానికి ఇంకో సాక్ష్యం కావాలా?

చట్టం కూడా చాలాకాలం ఈ గీతకు కాపలా కాసింది. 1948 ఫ్యాక్టరీల చట్టం 66వ సెక్షను సాయంత్రం ఏడు నుంచి ఉదయం ఆరు దాకా ఆడవాళ్లను ఫ్యాక్టరీలో పనికి పెట్టకూడదంది. 1952 గనుల చట్టం 46వ సెక్షను భూగర్భంలోకి అసలే దిగకూడదంది. అంతా మన రక్షణ కోసమేనట. కానీ హైదరాబాదులో తెల్లవారుజామున చీకట్లో రోడ్లూడ్చే ఆడవాళ్లను ఏ చట్టం రక్షించింది? రాత్రంతా వార్డుల్లో తిరిగే నర్సుల్నీ ఆయాల్నీ ఎవరు ఇంటికి పంపారు? రాత్రి వాళ్లకు ప్రమాదం కాలేదు. షిఫ్టు అలవెన్సు ఉన్న రాత్రి మాత్రమే ప్రమాదమైంది. 66వ సెక్షనులోని ఆ నిషేధాన్ని 2000 డిసెంబరులో మద్రాసు హైకోర్టు, తర్వాత మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు రాజ్యాంగ విరుద్ధమన్నాయి. గనుల్లోకి దిగడానికి 2019లో గాని, అదీ సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ పనులకు, పగటి వేళల్లో, రాతపూర్వక అంగీకారంతో గాని అనుమతి రాలేదు. ఇన్నేళ్లూ ఫిట్టరుగా, ఎలక్ట్రీషియనుగా గనుల్లో స్థిరపడ్డ కుటుంబాల్లో ఎంతమంది కూతుళ్లు ఆ అవకాశం లేక ఇంట్లో కూర్చున్నారో ఎవరు లెక్క రాశారు?

స్తంభం కథే చూడండి. 2019లో దక్షిణ తెలంగాణ విద్యుత్ సంస్థ జూనియర్ లైన్‌మన్ ఖాళీలు ప్రకటించింది. ఆడవాళ్లు అర్హులు కారంది. (ఆ ఉద్యోగం పేరులోనే 'మన్' ఉంది కదా, ఇంకా అడుగుతారేమిటని కాబోలు.) ఐ.టి.ఐ. చదివిన అమ్మాయిలు హైకోర్టుకు వెళ్లారు. దరఖాస్తులు తీసుకోమని కోర్టు చెప్పింది, తీసుకున్నారు. రాత పరీక్ష రాశారు, పాసయ్యారు. స్తంభం పరీక్ష మాత్రం పెట్టలేదు. మళ్లీ కోర్టు. 2020 డిసెంబరులో కోర్టు ఆదేశంతో పరీక్ష పెట్టక తప్పలేదు. సిద్దిపేట జిల్లాకు చెందిన యువతి ఎక్కి చూపించింది, 2021లో ఉద్యోగంలో చేరింది. పత్రికలన్నీ ఫొటోలు వేశాయి, మంత్రులు అభినందించారు. మంచిదే. కానీ ఆ రెండేళ్లలో ఆ అమ్మాయిల వెనక మనం ఎంతమందిమి నిలబడ్డాం? మార్చి 8న ఆమెకు శాలువా కప్పడానికి మాత్రం పోటీ పడ్డాం.

నల్లగొండ జిల్లా నుంచి వెళ్లిన సరిత 2015లో ఢిల్లీ రవాణా సంస్థకు మొదటి మహిళా బస్సు డ్రైవరైంది. మన రాష్ట్రాల్లో అప్పటికే ఆడవాళ్లు బస్సుల్లో టిక్కెట్లు కొడుతున్నారు. టిక్కెట్ల సంచీ ఇచ్చారు, స్టీరింగు ఇవ్వలేదు. పదేళ్ల తర్వాత, 2025లో గాని తెలంగాణ ఆర్టీసీ బస్సు ఆమె చేతికి రాలేదు.

ఇప్పుడు మన సంగతి. మన సంస్థలు 'జీవనోపాధి' అనగానే ఏం చేస్తాయి? కుట్టుమిషను, ఎంబ్రాయిడరీ, బ్యూటీషియన్, పచ్చళ్లు, కొవ్వొత్తులు, అగరొత్తులు. డ్వాక్రా రోజుల నుంచీ ఇదే జాబితా. 'ఆడవాళ్లు ఇంటి దగ్గరే ఉండి నాలుగు రాళ్లు సంపాదించుకోవచ్చు' అని కరపత్రాల్లో మనమే అచ్చు వేశాం. ఇంటి దగ్గరే ఎందుకుండాలి? నాలుగు రాళ్లే ఎందుకు? మీటింగుల్లో పితృస్వామ్యం, శ్రమ విభజన అని గంటలు గంటలు మాట్లాడి, మధ్యాహ్నం ఆ శ్రమ విభజనకే సర్టిఫికెట్లు పంచుతాం. మొగుడి సంపాదన అసలు ఆదాయం, ఆడదానిది అదనపు ఆదాయం అన్న సూత్రం మన ప్రాజెక్టు రిపోర్టుల్లో ఉన్నంత నిక్కచ్చిగా మనుధర్మంలో కూడా ఉండదేమో.

మూడు నెలల శిక్షణ, ముప్ఫై మంది, ఒక గ్రూపు ఫొటో. నిధులిచ్చే వాళ్లకు అది చాలు. మనకూ చాలు. ఆరు నెలల తర్వాత ఆ ముప్ఫై మందిలో ఎందరు సంపాదిస్తున్నారో చూసే పద్దు బడ్జెట్టులో ఉండదు. ఒకే వాడలో ముప్ఫై మందికి టైలరింగు నేర్పితే ఎవరి జాకెట్లు ఎవరు కుట్టాలి? ప్రభుత్వం తక్కువ తినలేదు. 2015 నుంచి నడుస్తున్న కేంద్ర నైపుణ్య శిక్షణ పథకంలో ఒక కోర్సు పేరే 'స్వయం ఉపాధి టైలర్'. యజమాని లేడు, వేతనం లేదు, పి.ఎఫ్. లేదు, అడగడానికి ఎవరూ లేరు. కోర్సు పేరులోనే చేతులు దులిపేసుకున్నారు.

దాని పక్కన ఐ.టి.ఐ.ని పెట్టి చూడండి. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్, టర్నర్, మెషినిస్టు రెండేళ్లు, వెల్డరు ఏడాది. ప్రభుత్వ ఐ.టి.ఐ.లో ఫీజు నామమాత్రం. చివర వచ్చేది దేశమంతటా చెల్లే జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్. దానితో అప్రెంటిస్‌గా చేరవచ్చు, రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్ పరీక్ష రాయవచ్చు, విద్యుత్ సంస్థలకు, ప్రభుత్వరంగ కర్మాగారాలకు దరఖాస్తు పెట్టవచ్చు. మహిళలకు 30 శాతం సీట్లున్నాయి. రాష్ట్ర ఉద్యోగాల్లో మహిళలకు రిజర్వేషన్ సరైనదేనని 1995లో మన రాష్ట్రం కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఇన్ని ఉండి కూడా ఫిట్టరు వర్క్‌షాపులో అమ్మాయిలు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఎందుకుంటున్నారు? మహిళల కోసమని పెట్టిన ఐ.టి.ఐ.ల్లోనే ఎక్కువగా కటింగ్ అండ్ స్యూయింగ్, డ్రెస్ మేకింగ్, స్టెనోగ్రఫీ, కంప్యూటరు నడుస్తుంటే ఇక అమ్మాయిలకు ఏం తెలుస్తుంది?

టైలరింగును నేను చిన్నబుచ్చడం లేదు. ఆ సూదితోనే పిల్లల్ని చదివించిన ఆడవాళ్లు నా చుట్టూ ఉన్నారు. వాళ్ల రేటు పెరగాలి, వాళ్లకు సంఘం రావాలి. ఇంకొకటి కూడా ఒప్పుకుంటాను. ఐ.టి.ఐ. చదివితే చాలు, పర్మినెంటు ఉద్యోగం తలుపు దగ్గర కూర్చుంటుందని ఎవరూ అనుకోవద్దు. కర్మాగారాలు ఏళ్ల తరబడి పిల్లల్ని అప్రెంటిస్‌ల పేరుతో, కాంట్రాక్టు పేరుతో వాడుకుంటున్నాయి. తెలంగాణలో వేలాదిమంది కాంట్రాక్టు విద్యుత్ కార్మికుల్ని 2017లో ఆర్టిజన్లుగా తీసుకున్నారంటే అది ఊరికే రాలేదు, సమ్మెలతో వచ్చింది. కానీ అక్కడ పోరాడి గెలుచుకోవడానికి ఒక వేతనం, ఒక యూనియను, ఒక యజమాని ఉన్నారు. హుక్కులు కుట్టే ఆవిడ ఎవరి మీద సమ్మె చెయ్యాలి?

'వర్క్‌షాపులో మగపిల్లల మధ్య రక్షణేది?' అంటారు. నిజమైన ప్రశ్నే. ఒక ఐ.టి.ఐ.లో చేరిన అమ్మాయిని ఇన్‌స్ట్రక్టరు ఏడాదంతా రికార్డులు రాయడానికే కూర్చోబెట్టాడు, లేతు ముట్టుకోనివ్వలేదు. ఇంకో అమ్మాయి వర్క్‌షాపు దగ్గర మరుగుదొడ్డి లేక సాయంత్రం దాకా నీళ్లు తాగకుండా ఉండి జబ్బుపడి మానేసింది. దీనికి జవాబు ఆడపిల్లను ఇంటికి తీసుకురావడమా? 1997లో విశాఖ తీర్పు, 2013లో పనిచేసే చోట లైంగిక వేధింపుల చట్టం సాధించుకున్నది ఆడవాళ్లు బయట పనిచెయ్యడానికే కదా! ఐ.టి.ఐ.ల్లో ఆ ఫిర్యాదుల కమిటీలు ఉన్నాయా, ఉంటే వాటిలో ఎవరున్నారు, ఎప్పుడు కూర్చున్నారు అని మనలో ఎవరైనా ఒక్కసారి వెళ్లి అడిగామా? మహిళా డిగ్రీ కాలేజీకి పోయి ఉపన్యాసం ఇచ్చి వస్తాం. ఐ.టి.ఐ. గేటు మనకు తెలియదు.

'ఎవడు చేసుకుంటడు?' అన్న ప్రశ్నకు ఆ రోజు నా దగ్గర జవాబు లేకపోయింది. ఇప్పుడైనా ఒక్క వాక్యంలో చెప్పలేను. కానీ ఇంతమాత్రం చూశాను. కట్నం కూడబెట్టడానికి పదేళ్లు బీడీలు చుట్టే తల్లి, రెండేళ్ల చదువుకు బస్సు పాసు దండగంటుంది. ఆమెది తప్పనను. ఐ.టి.ఐ. చదివి స్తంభమెక్కి జీతం తెచ్చిన ఆడపిల్లను ఆమె తన వాడలో ఎన్నడూ చూడలేదు. చూపించాల్సిన పని మనది. 1990ల మొదట్లో ఉత్తరప్రదేశ్ బాందా జిల్లాలో మహిళా సమాఖ్య కార్యకర్తలు చదువురాని దళిత స్త్రీలకు చేతిపంపులు బాగుచెయ్యడం నేర్పారు. పానాలు పట్టుకుని ఊళ్లలోకి వెళ్తే మొదట్లో నవ్వారు. పంపులో నీళ్లొచ్చాక నవ్వలేదు. జార్ఖండ్‌లో మరుగుదొడ్ల నిర్మాణ కార్యక్రమంలో వేల మంది స్త్రీలు తాపీ పట్టి 'రాణీ మిస్త్రీలు' అయ్యారు. అక్కడ సాధ్యమైంది ఇక్కడ ఎందుకు కాదు?

మా సంస్థ కార్యవర్గం ముందు నేను పెట్టిన ప్రతిపాదన ఇది. వచ్చే ఏడాది నుంచి కొత్త టైలరింగు బ్యాచి వద్దు. ఆ డబ్బుతో పదో తరగతి పాసైన అమ్మాయిల్ని అడ్మిషన్ల సమయానికి ముందే కలిసి, తల్లిదండ్రుల్ని వర్క్‌షాపుకు తీసుకెళ్లి చూపించాలి. సీటొచ్చిన వాళ్లకు బస్సు ఖర్చు, బూట్లు, టెస్టరూ కటింగు ప్లేయరూ ఉన్న టూల్‌కిట్టు ఇవ్వాలి. ఐ.టి.ఐ.ల్లో మరుగుదొడ్ల గురించీ, ఆడపిల్లల హాస్టలు గురించీ, మహిళా ఇన్‌స్ట్రక్టర్ల గురించీ కలెక్టరుకు వినతిపత్రం ఇవ్వాలి. ఇచ్చి ఊరుకోకుండా వెంటపడాలి. 'పురుషులు మాత్రమే' అన్న ఉద్యోగ ప్రకటన ఎక్కడ కనిపించినా కత్తిరించి మన వకీళ్ల చేతికివ్వాలి.

ఏడుగురిలో ఇద్దరే ఒప్పుకున్నారు. టైలరింగు ఆపితే ఈ ఏడు నిధులు రావనీ, నలుగురైదుగురు అమ్మాయిల కోసం వందమందిని వదులుకోవడం ఏం న్యాయమనీ మిగతావాళ్లు అడిగారు. అది తీసిపారేసే ప్రశ్న కాదు. నా జవాబు పైన రాశాను. వాళ్ల జవాబు వచ్చే సంచికకు రాయమని అడిగాను, రాస్తామన్నారు. ఈలోగా టైలరింగు సెంటరుకు తాళం వెయ్యలేదు. కాకపోతే మొన్న అక్కడ మెయిన్ ఫ్యూజు కొట్టేసి మిషన్లన్నీ ఆగిపోతే, ముప్ఫై మంది అమ్మాయిలూ చీకట్లో కూర్చుని కరెంటు అతని కోసం రెండు గంటలు ఎదురుచూశారు. వచ్చి ఐదు నిమిషాల్లో వేసి, రెండు వందలు తీసుకుని వెళ్లాడు.